పేట నుంచి – 23: ఏడు మీటర్ల రాగి గొట్టం

పోయిన భాగం చదివి పీజీ చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇప్పుడు కులం ఎక్కడుందో చూపించమంటున్నారు మా క్లాసువాళ్లు. దాడి జరిగితే చూపిస్తాం. దాడి జరగని మామూలు రోజున ఏం చూపించాలి?"

మంచి ప్రశ్న. నాలుగు రోజులు ఆలోచించాను. నా దగ్గర సిద్ధాంతం దొరకలేదు గానీ ఒక బిల్లు దొరికింది. పోయిన మే నెలలో కోటబొమ్మాళిలో ఒక ఇంటికి ఏసీ బిగించి రాసిచ్చిన బిల్లు. కార్బన్ కాపీ నా బిల్లు పుస్తకంలో ఇంకా ఉంది. ఈ వారం ఆ కాగితం గురించే.

నేను సంఘం మనిషినని మీకు తెలుసు. ఏసీ మెకానిక్‌నని చాలామందికి తెలీదు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లు చేసి, విశాఖలో ఎనిమిదేళ్లు పనిచేసి, అమ్మకి ఒంట్లో బాగోక ఊరికొచ్చేశాను. మీటింగులు లేని రోజున నా కూడు ఇదే. మార్చి నుంచి జూన్ దాకా మా సీజన్. మిగతా కాలం ఫ్రిజ్‌లు, సర్వీసింగులు.

మా వైపు ఎండ కన్నా ఉక్క ఎక్కువ. సముద్రం దగ్గర కదా. ఒంటి మీద పట్టిన చెమట ఆరదు. ఫ్యాను వేసినా వేడి గాలినే తిప్పుతుంది. అందుకే ఏసీ వేసిన గదిలోకి రాగానే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. అది చల్లదనం ఒక్కదాని వల్లే కాదు, ఏసీ గాలిలోని నీళ్లని కూడా పిండేస్తుంది. డ్రైన్ పైపులోంచి కారే నీళ్లు అవే.

ఆ రోజు నాతో మా అప్ప కొడుకు ఉన్నాడు. టెక్కలిలో డిగ్రీ. పరీక్ష ఫీజు కోసం సెలవల్లో నా దగ్గర హెల్పరుగా చేరాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ఇంటికి వెళ్లిపోయాం. కొత్త ఇల్లు. గృహప్రవేశం అయి ఏడాదిన్నర అయింది. ఇంటాయన ప్రభుత్వ ఉద్యోగి, మాటతీరు మంచిది. "రండి బాబూ, కూర్చోండి" అన్నారు. టీ వచ్చింది. ఏ గ్లాసులో వచ్చిందో అడక్కండి. కాయితం గ్లాసు గురించి 9వ భాగంలో రాసేశాను, మళ్లీ రాయను.

ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ. టన్ను అంటే బరువు కాదని కొత్తవాళ్లకి చెబుతున్నాను. పూర్వం మంచుదిమ్మలతో గదులు చల్లబరిచేవారు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాక్కుంటుందో అంత వేడిని లాగే మిషను ఒక టన్ను ఏసీ. గంటకి 12,000 బీటీయూలు. ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది. లోపల గోడ మీదున్నది ఇండోర్, బయట ఎండలో ఉన్నది అవుట్‌డోర్. రెండిటికీ మధ్య రెండు రాగి గొట్టాలు, పావంగుళందొకటి, అరంగుళందొకటి. మోత పనంతా వాటిలో తిరిగే గ్యాస్‌ది. ఆ గొట్టాలు ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే ఏసీ అంత బాగా పనిచేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా దాని మీదే.

గది కొలిచాను. తూర్పు గోడ బయట రాయి అంటించిన ముఖద్వారం, అటు అవుట్‌డోర్ పెడితే ఇంటికి అందం పోతుందన్నారు. దక్షిణం గోడ పక్కింటికి ఆనుకొని ఉంది. పడమర హాలు. ఉత్తరం వైపు చిన్న గది, దాని అవతల సందు. సందులో నీడ ఉంది, గాలి ఆడుతుంది. అవుట్‌డోర్‌కి అంతకన్నా మంచి చోటు లేదు. చిన్న గది పై మూలలోంచి గొట్టం పట్టుకెళ్తే మొత్తం నాలుగు మీటర్లు. మధ్యాన్నం భోజనాల టైముకి పని అయిపోతుంది.

ఆ చిన్న గది పూజ గది.

"ఈ గదిలోంచి పోతే నాలుగు మీటర్లలో అయిపోద్ది సార్" అన్నాను.

ఇంటాయన తలూపారు. తలూపుతూనే అడిగారు. "ఏ ఊరు బాబూ మీది?"

"ఇదే ఊరు సార్."

"ఏ వీధి?"

ఈ ప్రశ్న వినని వాళ్లెవరైనా ఈ పేజీ చదువుతున్నారా? చదువుతుంటే మీరు అదృష్టవంతులు. విశాఖలో పనిచేసినప్పుడు దీనికి నేను రకరకాల జవాబులు చెప్పేవాణ్ని. టెక్కలి రోడ్డు అనేవాణ్ని, రైల్వే స్టేషన్ దగ్గర అనేవాణ్ని. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఒకసారి ఒక అపార్ట్‌మెంటులో అలా చెప్పి, పని మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే యాస తెలిసిపోతుందేమోనని ఎత్తలేదు. ఆ రోజు అమ్మకి జ్వరం. ఇక చెప్పకూడదనుకున్నాను ఆ జవాబులు.

"ఎస్సీ కాలనీ సార్" అన్నాను.

"ఓహో" అన్నారు. లోపలికి వెళ్లారు. రెండు నిమిషాలకి వచ్చారు.

"ఆ గదిలోంచి వద్దులే బాబూ. ఇంట్లో ఒప్పుకోట్లేదు."

ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. మన ఊళ్లలో ఏ మగాయనకీ కులం ఉండదు. అది ఎప్పుడూ 'ఇంట్లో' వాళ్లకే ఉంటుంది.

"ఎందుకు సార్?"

"స్నానం చేస్తే గానీ ఎవరం పోం అందులోకి. మేమూ అంతే."

అది సబబే. ఎవరి పద్ధతి వాళ్లది. "సరే సార్. మా ఇల్లు పది నిమిషాలే. నేనూ మా వాడూ తానం చేసి ఉతికిన బట్టలు కట్టుకొని వస్తాం. చెప్పులు గేటు బయటే విడుస్తాం" అన్నాను.

ఆయన గోడ కేసి చూశారు. స్నానం ఒక్కటే అడ్డమైతే అది అప్పటికి తీరిపోయింది. తీరలేదు.

నేను తగువుకి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. "లోపల పాలరాయి పరిచినవాళ్లు, లైటు బిగించినవాళ్లు కూడా తానం చేసే వచ్చారా సార్?"

"అప్పటికింకా గృహప్రవేశం అవలేదు కదా బాబూ" అన్నారు, చాలా మామూలుగా.

మిత్రులారా, ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. ఆ ఇంటి స్లాబ్ పోసిన రోజు మా పేట నుంచి పదిమంది ఆడోళ్లు వెళ్లారు. మా పిన్ని ఒకర్తి. పొద్దున్న నుంచి పొద్దుపోయేదాకా నెత్తి మీద సిమెంటు తట్టలు మోశారు. ఆ పూజ గది కప్పులో వాళ్ల చెమట ఉంది. అప్పుడు ఆ గదికి మైల లేదు. ఎందుకంటే అప్పుడది గది కాదు, పని. పని అయిపోయి అది ఇల్లు అయిన రోజున, కట్టిన చేతులు బయటికి వెళ్లిపోవాలి. ఒక గుమ్మానికి పసుపు రాసి తోరణం కట్టగానే ఇదంతా అయిపోతుంది. మనం లేకుండా ఇల్లు లేవదు, లేచాక మనం అందులో ఉండకూడదు.

ఆయన ఇంకో దారి చెప్పారు. "పోనీ ఆ గదిలో పని మట్టుకు వేరే ఎవరైనా కుర్రాణ్ని పిలిపిస్తే? మిగతాదంతా మీరే చెయ్యండి." కోపంగా కాదు, సాయం చేస్తున్నట్టే అన్నారు.

"అది మాత్రం అవదు సార్" అన్నాను. మా అప్ప కొడుకు నా పక్కనే ఉన్నాడు. వాడి ముందు ఇంకో కులం కుర్రాణ్ని పిలిచి, "ఈ గోడ వరకూ మాది, ఆ గోడ నుంచి నీది" అని డ్రిల్లు మిషను చేతికిస్తే, వాడికి నేను నేర్పేది ఏసీ పని కాదు.

మూడు దారులు చెప్పాను. ఒకటి, నేను వెళ్తాను, నాలుగు మీటర్లు. రెండు, మీరే డ్రిల్లు పట్టండి, నేను గుమ్మం బయట నిలబడి చెబుతాను, అప్పుడూ నాలుగు మీటర్లే. మూడు, హాలు మీదుగా తిప్పి, వెనక గదిలోంచి, బాత్‌రూం పక్కనుంచి పెరట్లోకి దించుతాను. పదకొండు మీటర్లు. ఖర్చు మీది, పైగా చల్లదనం దార్లో కాస్త పోతుంది, కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది.

మూడోదానికి ఆయనకి నిమిషం కూడా పట్టలేదు. "అలాగే కానివ్వండి" అన్నారు. బాత్‌రూం పక్కనుంచి మేం పోవచ్చు.

మీలో కొందరు అడుగుతారు, అప్పుడే సామాను సర్దుకొని వచ్చెయ్యలేదేం అని. నా దగ్గర గొప్ప జవాబు లేదు. పక్కనున్న కుర్రాడి పరీక్ష ఫీజుకి మూడు రోజులే గడువుంది. నేను మానేస్తే ఆ సాయంత్రానికి ఇంకో మెకానిక్ వచ్చి పూజ గదిలోంచి నాలుగు మీటర్లలో బిగించి వెళ్లిపోతాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఏ ఖర్చూ ఉండదు, ఏ గుర్తూ ఉండదు. అంతకన్నా పదకొండు మీటర్లు వేసి డబ్బు తీసుకోవడమే నాకు సరిగ్గా కనిపించింది. తప్పంటే కామెంట్లో చెప్పండి, వింటాను.

పని మొదలెట్టాం. గోడలకి రెండు బదులు మూడు కన్నాలు. కన్నం బయటి వైపుకి కొంచెం వాలుగా వెయ్యాలి, డ్రైన్ నీళ్లు వెనక్కి రాకుండా. పదకొండు మీటర్లు వాలు పట్టుకుంటూ డ్రైన్ పైపు లాగడం ఎంత తలనొప్పో చేసినవాడికే తెలుసు. గొట్టం మధ్యలో అతుకు లేకుండా రోల్‌లోంచి ఒకే ముక్కగా కోశాను. అతుకున్న చోటే రేపు లీకు. కోసిన మూతిని కిందికి వంచి అంచులు గీకాలి, లేకపోతే రాగి పొడి గొట్టంలోకి పోయి చివరికి కంప్రెసర్‌లో చేరుతుంది. నట్టు ముందు ఎక్కించి అప్పుడు మూతి విప్పాలి, దాన్నే ఫ్లేర్ అంటాం. మా వాడు మొదటి ఫ్లేర్ నట్టు ఎక్కించకుండానే విప్పేశాడు. నేనూ మొదట్లో అదే చేశాను. అందరం చేస్తాం.

బిగించాక నైట్రోజన్. 450 పిఎస్‌ఐ ఎక్కించి, నట్ల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగ వస్తుందేమో చూడాలి. ఇక్కడ ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకి ఒక మాట. కొందరు కాంట్రాక్టర్లు నైట్రోజన్ సిలిండర్ కొనరు. వెల్డింగ్ సెట్టులోని ఆక్సిజన్‌తో కొట్టెయ్యమంటారు. చచ్చినా వద్దు. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పు కూడా అక్కర్లేదు, పేలిపోతుంది. విశాఖలో నాతో పనిచేసిన ఒక కుర్రాడు ఇలాగే కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. వాడిదీ మనలాంటి పేటే. నైట్రోజన్ సిలిండర్ అద్దె మిగిలింది కాంట్రాక్టరుకి, వేళ్లు పోయింది వాడికి. ఆస్పత్రిలో వాడు నన్ను అడిగింది ఒక్కటే, "నేను తప్పు చేశానా అన్నా?" అని. లేదు. తప్పు వాడిది కాదు. కానీ తప్పు ఎవరిదైనా ఒళ్లు మనదే ఉంటుంది. అలాగే మూడో అంతస్తు గోడకి వేలాడుతూ అవుట్‌డోర్ బిగించమన్నప్పుడు బెల్టు అడగండి. ఇవ్వకపోతే ఎక్కకండి. ఎక్కడానికి భయమని నవ్వేవాడు ఒకసారి ఎక్కి చూడమనండి.

తర్వాత వాక్యూం. గొట్టాల్లో ఉన్న గాలిని, తేమని పంపుతో పూర్తిగా లాగెయ్యాలి. ఒత్తిడి బాగా పడిపోతే నీళ్లు పొయ్యి లేకుండానే మరిగి ఆవిరైపోతాయి, ఆ ఆవిరిని పంపు లాగేస్తుంది. మైక్రాన్ గేజీ 500 కిందికి దిగాలి. దిగాక పంపు ఆపి, కొంతసేపు ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. పదకొండు మీటర్ల గొట్టానికి ముప్పావు గంట పట్టింది.

మా వాడికి ఓపిక పోయింది. "మావా, ఇంతసేపు ఎందుకు? విశాపట్నంలో మా ఫ్రెండు పర్జ్ కొట్టీసి ఐదు నిమిషాల్లో ఎలిపోతాడట."

పర్జ్ అంటే పంపు పెట్టకుండా, ఏసీలో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి, దాంతో గాలిని బయటికి తోసెయ్యడం. గాలి కొంత పోతుంది, తేమ పోదు. ఆ తేమ నూనెతో కలిసి ఆమ్లం అవుతుంది. అది కంప్రెసర్ వైండింగును లోపల్లోపల తినేస్తుంది. ఏసీ ఆ రోజు బ్రహ్మాండంగా చల్లగా ఉంటుంది. రెండేళ్లకో మూడేళ్లకో కంప్రెసర్ కాలిపోతుంది. కుర్రాళ్లు పర్జ్ ఎందుకు కొడతారో నాకు తెలుసు. జీతం నెలకి కాదు, ఫిట్టింగుకింత. రోజుకి ఐదు ఫిట్టింగులు చేస్తేనే ఇంటికి బియ్యం. ముప్పావు గంట పంపు పక్కన కూర్చోడానికి వాళ్లకి ఎవరూ డబ్బులివ్వరు.

మా వాడు కాసేపు ఊరుకుని మళ్లీ అన్నాడు. ఈసారి గొంతు మారింది. "అది కాదు మావా. పూజ గదిలోకి రానివ్వనోల ఇంటికి ఇంత సుబ్బరంగా ఎందుకు సెయ్యాల? కాలిపోతే కాలిపోనీ."

ఆ మాట నా నోట్లో కూడా ఉంది మిత్రులారా. అబద్ధమెందుకు?

వాడికి రెండు కారణాలు చెప్పాను. ఒకటి, రెండేళ్ల తర్వాత కంప్రెసర్ కాలితే ఆ ఇంట్లో "మెకానిక్ సరిగ్గా చెయ్యలేదు" అనరు. "ఆళ్లని పిలిస్తే అంతే" అంటారు. వేరేవాడి తప్పు వాడిదొక్కడిదే. మన తప్పు పేట మొత్తానిది. ఇది అన్యాయమే. వాడు ఒక్కసారి బాగా చేస్తే చాలు, మనం రెండుసార్లు బాగా చెయ్యాలి. రిజర్వేషన్ మీద జోకులేసే క్లాసురూముల్లో కూర్చునే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. రెండోది, ఈ పని నాది. ఇల్లు ఆయనది, గది ఆయన దేవుడిది, గొట్టం లోపలి శుభ్రం మాత్రం నాది. ఆయన మీద కోపంతో దాన్ని పాడుచేస్తే నాకున్న ఒక్కటీ పోతుంది.

వాడికి మొదటి కారణం నచ్చలేదు. రెండోది విని ఏమీ అనలేదు. గేజీ కేసి చూస్తూ కూర్చున్నాడు. ముల్లు 480కి దిగింది. పంపు ఆపాం. పది నిమిషాలకి 510 దగ్గర ఆగి అక్కడే ఉండిపోయింది. "నిలబడిపోనాది మావా" అన్నాడు.

అలెన్ కీతో వాల్వులు తెరిచాను. ఇక గ్యాస్ లెక్క. ఇప్పుడు ఇళ్లల్లో వస్తున్న ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 గ్యాస్. నేను పని నేర్చుకున్న రోజుల్లో అంతా ఆర్-22. అది ఓజోన్ పొరని తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా మెల్లగా మానేస్తోంది. ఆర్-32 ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది, బరువుకి బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 675 రెట్లు. కొద్దిగా మండే గుణం కూడా ఉంది. అందుకే దీని దగ్గర బీడీ ముట్టించకూడదు, చేతికొచ్చినంత ఎక్కించకూడదు. కాటా మీద సిలిండర్ పెట్టి గ్రాముల్లో తూచి ఎక్కించాలి.

ఆ మోడల్ పుస్తకంలో ఐదు మీటర్ల వరకూ అదనపు గ్యాస్ అక్కర్లేదని, ఆపైన మీటరుకి 20 గ్రాములని ఉంది. నాలుగు మీటర్లయితే కంపెనీ నింపిన గ్యాసే చాలు. పదకొండు కాబట్టి, ఆరు మీటర్లకి 120 గ్రాములు. కాటా ముల్లు చూస్తూ మెల్లగా ఎక్కించాను. ఏ రోజైనా అది లీకయి గాలిలో కలిస్తే 81 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పర్యావరణం చదివే విద్యార్థులు కులానికి ఈ లెక్క కూడా వేసుకోండి.

పావుగంటకి థర్మామీటరు పెట్టి చూశాను. ఏసీ పీల్చే గాలి 32 డిగ్రీలు, వదిలే గాలి 18. బాగుంది.

అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, ఇంటాయన తల్లి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఎనభై దాటి ఉంటాయి. మెడ దగ్గర చెమటకాయలు. గాలి తగలగానే కళ్లు మూసుకుంది.

"సల్లగుంది నాయినా" అంది. "నీ సేతి సలవ. నూరేల్లు బతుకు."

పొద్దున్న 'ఇంట్లో ఒప్పుకోలేదు' అన్నది ఈవిడేనా, ఇంకొకరా, అసలు ఎవరూ కాదా, నాకు తెలీదు. నేను అడగలేదు. ఆవిడ మాట మనసులోంచే వచ్చింది. ఆవిడ ముఖం చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. "అలాగేనమ్మా" అన్నాను. నా చెయ్యి పూజ గదికి మైల, ఆవిడ ఒంటికి చలవ. ఒకే ఇంట్లో, ఒకే రోజు, ఒకటే చెయ్యి. ఈ రెండూ ఒకరికొకటి అడ్డం రాకపోవడమే కులం.

సాయంత్రం నాలుగున్నరకి బిల్లు రాశాను. మామూలు పని కూలి పైన వేశాను. కింద వేరేగా రాసింది ఇది:

జత రాగి పైపు, అదనంగా 7 మీటర్లు – 5,600
వైరు 7 మీటర్లు – 490
డ్రైన్ పైపు 7 మీటర్లు – 210
గ్యాస్ 120 గ్రాములు – 300
అదనపు కన్నం 1 – 400
మొత్తం 7,000

మా వాడు పక్కనుంచి చూసి, "కారణం అని ఒక లైను ఎయ్యి మావా" అన్నాడు. బిల్లు పుస్తకంలో వివరం, పరిమాణం, రేటు, మొత్తం అని నాలుగు గళ్లుంటాయి. కారణానికి గడి లేదు. ఇంటాయన బిల్లు చూశారు, బేరమాడలేదు, ఏడు వేలూ కలిపి మొత్తం ఇచ్చేశారు. ఒక్క రూపాయి తగ్గించమని అడిగి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. అడగలేదు. ఆయనకి అది ఖర్చులా అనిపించలేదు. ఇంటికి వేసే రంగులాంటిదే.

ఆ స్లాబ్ రోజున మా పిన్నికి ఇచ్చిన కూలి 400. ఏడు వేలంటే మా పిన్ని పదిహేడున్నర రోజులు తట్టలు మొయ్యాలి. నేను గుమ్మం దాటకుండా ఉండటానికి ఆ ఇల్లు అంత డబ్బు పెట్టింది.

ప్రశ్న అడిగిన తమ్ముడూ, నీకు జవాబు ఇదే. కులం అనగానే మనకి లక్షింపేట గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. 2012 జూన్ 12న మన జిల్లాలోనే, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలో, భూమి దగ్గర ఐదుగురు దళితుల్ని చంపారు. అది మర్చిపోయినవాడు మనవాడు కాదు. కానీ నెత్తురు కారిన రోజునే కులాన్ని చూడగలిగితే, మిగతా రోజుల్లో అది లేదని మనమే ఒప్పుకున్నట్టు. మిగతా రోజుల్లో అది మీటర్లలో ఉంటుంది. గోడ చుట్టూ తిరిగి వెళ్లిన దూరంలో ఉంటుంది. ఎవరికి పొట్టి దారి, ఎవరికి చుట్టు దారి అని కొలిచి చూడు. హాస్టల్ గది కోసం, గైడు కోసం, అద్దె ఇంటి కోసం, నువ్వు ఎన్ని మీటర్లు అదనంగా తిరిగావో రాసుకో. నీ క్లాసువాళ్లకి ఆ కాగితం చూపించు.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం గుడి, బావి, హోటల్, దుకాణం లాంటి నలుగురూ తిరిగే చోట్ల గురించి మాట్లాడుతుంది. ఒకరి ఇంట్లో పూజ గది అందులో లేదు. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, కూలి ఎగ్గొట్టలేదు. కేసు లేదు. కేసు లేనిచోట కూడా కులం ఉందని చెప్పడానికే ఇది రాశాను.

ఆ రాత్రి ఇంటికెళ్లేసరికి అమ్మ అరుగు మీద తాటాకు విసనకర్రతో కూర్చునుంది. మాది రేకుల ఇల్లు. మేలో పగలంతా కాలిన రేకు రాత్రి పదకొండు దాకా వేడి దించుతూనే ఉంటుంది. విల్లిస్ క్యారియర్ 1902లో అమెరికాలో మొదటి ఏసీ రూపకల్పన చేసింది మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం తేమకి సాగిపోకుండా ఉండటానికి. కాగితానికి అందిన చల్లదనం నూట ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మా పేటకి అందలేదు. ఏటీఎంలో మిషనుకి ఏసీ, గుమ్మం బయట కాపలా తాతకి ఎండ. కరెంటు సంగతి ఎత్తితే మా పక్క సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి గుర్తొస్తుంది. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. దాని గురించి వేరే భాగం రాస్తాను.

అమ్మకి జరిగిందంతా చెప్పాను. అంతా విని, "డబ్బులిచ్చినారా?" అంది. ఇచ్చారన్నాను. "మరి గుంటడు ఏటన్నాడు?" అంది. ఆవిడకి నా కన్నా మా వాడి గురించే బెంగ. నాకూ అంతే.

వాడు మర్నాడు పొద్దున్న ఏడుకే వచ్చాడు. పరీక్ష ఫీజు కట్టేశాడు, ఇక రానక్కర్లేదు. అయినా వచ్చాడు. "ఆ మైక్రాను గేజీ నాకు సరిగ్గా సూపించు మావా" అన్నాడు.

అక్కణ్నుంచి పుట్టిందే మా ఆదివారం క్లాసు. బాబాసాహెబ్ అనగానే మనం రాజ్యాంగం ఒక్కటే తల్చుకుంటాం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. కార్మికులతో పాటు కరెంటు, నీటి ప్రాజెక్టులు కూడా ఆయన శాఖ కిందే ఉండేవి. తీగా గొట్టమూ కూడా మన చదువే. మా పేట కమ్యూనిటీ హాల్లో పాత స్ప్లిట్ ఒకటి గోడకి బిగించాం. నైట్రోజన్ సిలిండర్, వాక్యూం పంపు, గ్రాముల కాటా ఉన్నాయి. కోటబొమ్మాళి, టెక్కలి, నరసన్నపేట చుట్టుపక్కల పేటల నుంచి పద్నాలుగుమంది వస్తున్నారు, అందులో ముగ్గురు ఆడపిల్లలు. ఫీజు లేదు. మొదటి పాఠం ఫ్లేర్ కాదు. ఆక్సిజన్‌తో టెస్టు చెయ్యమంటే ఎలా కాదనాలి, బెల్టు లేకుండా ఎక్కమంటే ఎలా కాదనాలి, "ఏ వీధి" అంటే తల దించకుండా ఎలా చెప్పాలి, అదీ మొదటి పాఠం.

వచ్చే వాళ్లు పొద్దున్న ఎనిమిదికి రండి. నోటుబుక్కు తెచ్చుకోండి. బిల్లు పుస్తకం కొత్తది అచ్చువేయిస్తున్నాం, అందులో ఐదో గడి పెట్టమని మా వాడు పట్టుబడుతున్నాడు. దాని పేరు 'కారణం'.

వచ్చే భాగంలో కొత్తమ్మ తల్లి జాతర, డప్పు, మా తాత.

జై భీం.